అనంతగిరి కొండల్లో నాలుగు చలికాలాలు: మా క్యాంపు చోటు గురించి

విశాఖ నుంచి టెంటు కట్టుకుని బైకుల మీద కొండలెక్కాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది వ్యూ ఎలా ఉంటుందనే. నాలుగు చలికాలాలుగా ఒకే చోటికి వెళ్తున్నాను కాబట్టి చెప్తున్నాను, వ్యూ సంగతి ఆఖర్న చూసుకోండి. రాత్రి బండి ఎక్కడ నిలబెడతారు, వాన పడితే ఎలా దిగుతారు, నీళ్లు ఎక్కడివి? ముందు ఇవి తేలాలి.

ఈ పాఠం మాకు వేరే చోట వచ్చింది. ఈ చోటు దొరక్కముందు ఏడాది అరకు వైపు ఒక క్యాంపు వాళ్లకు డబ్బు కట్టి వెళ్లాం. ఫొటోల్లో వాగు పక్కన వరసగా టెంట్లు, ఎంత బాగున్నాయో! తీరా దిగాక తెలిసింది, అది లోయ అడుగు. రాత్రి కొండల మీది చల్లగాలి అంతా కిందికి జారి అక్కడే నిలిచిపోతుంది. తెల్లారేసరికి టెంటు లోపలి గుడ్డ మీద కూడా నీటి బొట్లు, స్లీపింగ్ బ్యాగులు తడి. అంతకంటే ఘోరం, అర్ధరాత్రి రెండింటికి ధబ్బుమని చప్పుడు. మెత్తటి ఎర్రమట్టిలో సైడ్ స్టాండు దిగబడి నా బండి పడిపోయింది. హ్యాండిల్ వచ్చి మా టెంటు తాడు మీద పడింది. అటు పక్క పడుకున్న తమ్ముడి తలకీ దానికీ జానెడు దూరం. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు కారుతోంది, పది అడుగుల అవతల నెగడులో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు.

ఇప్పుడు వెళ్లే చోటు అనంతగిరి దాటాక, తారు రోడ్డు వదిలి మట్టిదారిలో రెండు కిలోమీటర్ల లోపల ఉంటుంది. ఒక గిరిజన రైతు కాఫీతోట అంచున, కొండ నడుం మీద, నాలుగు టెంట్లు పట్టే చదును. లోయ అంత చలి ఉండదు, శిఖరం మీద కొట్టే ఈదురుగాలీ ఉండదు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. బళ్లు నిలబెట్టేది ఆయన కాఫీ పండ్లు ఆరబోసే గచ్చు పక్కన, గట్టి నేల మీద. అయినా స్టాండు కింద పలక రాయి పెట్టకుండా నేను పడుకోను. ఊరి పేరు మాత్రం రాయను. అది వాళ్ల వాకిలి. ఒక్కసారిగా జనం వచ్చి పడితే తట్టుకోలేరు.

ఇక దారులు. నా బండి ఎక్స్‌పల్స్ 200, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎడం, 220 మిల్లీమీటర్లు. ఈ రాళ్లకు అది చాలు. మట్టిదారి మొదలవగానే టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తాను. పొడిగా ఉన్నప్పుడు ఎవరైనా ఎక్కేస్తారు. ఒక గంట వాన పడిందా, అదే ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. దిగేటప్పుడు క్లచ్ పట్టకుండా ఫస్ట్ గేరులోనే వదలాలి, ముందు బ్రేకు మీద చెయ్యి పడిందంటే పడిపోయినట్టే. స్పేర్ ట్యూబు తప్పనిసరి. ముందు చక్రం 21 అంగుళాలది, ఒకసారి పంక్చరైతే దారిలో అడిగిన ఏ షాపులోనూ ఆ సైజు దొరకలేదు. పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపుకుంటాం.

ఊళ్ల మధ్య బండిబాటలు దాటి రిజర్వు అడవిలోకి వెళ్లం. తోటల్లోంచి అడ్డంగా నడపడం కూడా వద్దు. నవంబరు నుంచి కాఫీ కోతలు, మనం ఆడుకునే దారిలోనే వాళ్లు బస్తాలు మోసుకొస్తుంటారు. ఎదురొస్తే ఇంజిన్ ఆపి పక్కకు జరగడం మర్యాద. కటికి జలపాతం దారి కూడా చూశాం. రాళ్లంటే అవీ రాళ్లు! కానీ జీపులు ఆగకుండా తిరుగుతుంటాయి, కొత్తవాళ్లకు చెప్పను. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద తెల్లవారుజామున కాళ్ల కింద మేఘాలు నిజంగా చూడాల్సిందే, అయితే శని ఆదివారాల్లో జనమే జనం. పైగా ఆఖరి దూరం నడిచి ఎక్కాలి, బండి ఎక్కడో కింద వదిలేయాలి. ట్రయల్ రైడింగ్ కోసమైతే, అంటే ఇలా మట్టిదారుల్లో బండి నడపడానికైతే, అది చోటు కాదు.

మా చోటులో ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ అందదు, కాబట్టి ఏ రోజు దిగుతామో ఇంట్లో చెప్పి బయల్దేరతాం. మరుగుదొడ్డి రైతు ఇంటి దగ్గరే, చీకట్లో రెండు వందల అడుగులు నడవాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర లేని టెంటు తేవద్దు. భోజనం ఆ ఇంట్లోనే, నాటుకోడి కూర, వేడి అన్నం. మనిషికింత అని ముందే మాట్లాడుకుని చేతికిస్తాం.

నీళ్లు కొండ ఊట నుంచి పైపు వేసుకుని తెచ్చుకున్నవి. డిసెంబరులో వలిసె పూలు పసుపుపచ్చగా ఉన్నప్పుడు ధార బొటనవేలంత లావు వస్తుంది. ఫిబ్రవరికి సన్నబడి, తోటకీ ఇంటికీ సరిపోవడమే కష్టం. అప్పుడు వెళ్తే మనిషికి ఐదు లీటర్ల చొప్పున కింది నుంచే తీసుకెళ్లండి, ఆ పైపు మీద చెయ్యి వేయకండి.