అవ్వ మొక్కిన దేవుళ్ళ దారిలో: మన్యంకొండ, కురుమూర్తి, అలంపూర్, సోమశిల

అవ్వ పోయాక ఏడాది పాటు మా ఇంట్లో ఎవరం గుట్ట ఎక్కలేదు. సంవత్సరీకం అయిపోయాక పెద్దత్త నన్ను అడిగింది ఒక్కటే: "మా అమ్మ మొక్కిన దేవుళ్ళ కాడికి నన్నొకసారి తోల్కపో బిడ్డా." పెద్దత్తకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. కార్తీకంలో కారు మాట్లాడుకుని అమ్మ, పెద్దత్త, నేను బయల్దేరాం. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఇదే దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మధ్యమధ్యలో అవ్వ వస్తూనే ఉంటుంది. మేం వెళ్ళిందే ఆమె కోసం.

అవ్వ ఏ ఏడు పుట్టిందో ఎవరికీ తెలియదు. రజాకార్ల గడబిడ నాటికి మేకలు కాసే పిల్లనని చెప్పేది. పెళ్ళయ్యాక తాతతో కలిసి నాగార్జునసాగర్ కట్ట పనికి పోయింది. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ డ్యామ్ రాతికట్టడం. పాలమూరు నుంచి పోయిన కూలీలు ఎందరో అక్కడ రాళ్ళు మోశారు. పెద్దత్తకు ఊయల కట్టింది ఆ గుడిసెల్లోనే. తర్వాత తాత బొంబాయి వలస పోయాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. ఐదుగురు పిల్లలు, జొన్నచేను, రెండు బర్రెలు, మంచంలో ఉన్న అత్త, అన్నీ అవ్వ ఒక్కతే చూసుకుంది. ఊళ్ళో ఎవరింట్లో కాన్పు కష్టమైనా, అన్నదమ్ముల గట్టు తగాదా ముదిరినా ముందు ఆమెకే కబురు వచ్చేది.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెబుతారు. 2017 చివర్లో చెదలు తిని పెద్ద కొమ్మ విరిగిపోతే, 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించి కాపాడారు. మేం కంచె అవతల నుంచే చూశాం. అది చెట్టుకు మంచిదే. నీడలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

ఆ రాత్రి టౌన్‌లో ఉన్న లాడ్జి మాత్రం ఎవరికీ చెప్పను, పేరూ రాయను. ఫోన్‌లో లిఫ్ట్ ఉందన్నారు, వెళ్తే పనిచేయట్లేదు. కింద గది లేదని మూడో అంతస్తు ఇచ్చారు. పెద్దత్త మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కింది. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి కనీసం ఒక కుర్చీ వేయలేదు. నాకు కోపం అందుకే వచ్చింది. అవ్వ ఇంటికి ఎవరొచ్చినా, అప్పు అడగడానికి వచ్చినవాడైనా సరే, ముందు అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చేది. గది బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు గట్టిగా అడగండి: కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్, వేడినీళ్ళు.

మన్యంకొండ పెద్దవాళ్ళకు సులువు. ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి కారు పైదాకా పోతుంది. చెక్కని పాదాలు, తవ్వని కోనేరు అని ఇక్కడి వెంకటేశ్వరస్వామి గురించి అందరూ చెప్పే మాట. తిరుపతి పోలేని మనిషికి ఈ కొండే తిరుపతి. అవ్వ కూడా తిరుపతి ముడుపు ఇక్కడే చెల్లించేది. దర్శనం తొందరగా అయింది. కొండ దిగాక అలివేలు మంగమ్మ గుడి చూడకుండా రావద్దు.

కురుమూర్తి వేరు. దీపావళి తర్వాత మొదలై కార్తీకమంతా జాతర నడుస్తుంది. చిన్నచింతకుంట మండలంలో గుట్టల నడుమ గుహలో స్వామి. వడ్డెమాన్‌లో మాదిగ కులస్తులు నిష్ఠతో తోలుతో కుట్టిన స్వామి పాదుకలు ఊరేగింపుగా వస్తాయి. వాటినే ఉద్దాలంటారు. ఎంత పెద్ద కులంవాళ్ళయినా ఆ ఉద్దాల ముందు తలవంచాల్సిందే. అవ్వకు ఈ జాతర మీద అంత ప్రేమ ఎందుకో నాకు అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. పెద్దత్త మెట్లు ఎక్కలేకపోయింది. ఉద్దాలకు మొక్కి, "పైన స్వామికి నా దండం చెప్పు" అని నన్ను పంపింది. ఆమె కింద కూర్చున్నంతసేపూ పేలాలు, చక్కెర చిలకలు అమ్మే ఒకామె తన గొడుగు నీడలో చోటిచ్చింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

జాతర రోజుల్లో వాహనాలు దూరంగా ఆపేస్తారు, నడక తప్పదు. టాయిలెట్ల దగ్గర ఆడవాళ్ళ వరుస చాలా పెద్దది. అంతమంది వచ్చే చోట ఇంకా ఎన్నో కట్టాలి. ఇది నా గట్టి అభిప్రాయం. రద్దీ పడనివాళ్ళు జాతర చివరి రోజుల్లో, పొద్దున్నే వెళ్ళడం మంచిది.

బీచుపల్లి దగ్గర కృష్ణకు దండం పెట్టుకుని, హైవే మీద అలంపూర్ చౌరస్తా దాకా పోయి లోపలికి తిరిగాం. మొత్తం దారిలో పెద్దవాళ్ళకు బాగా కుదిరింది అలంపూరే. గుళ్ళన్నీ దగ్గర దగ్గరగా, చదునైన నేల మీద ఉంటాయి. కార్తీకంలో కూడా మధ్యాహ్నం రాతిబండలు కాలుతాయి కాబట్టి పదిలోపు దర్శనం ముగించుకోండి. చాళుక్యులు ఏడో శతాబ్దంలో మొదలుపెట్టిన నవబ్రహ్మ ఆలయాల్లో బాలబ్రహ్మలోనే ఇప్పటికీ పెద్దగా పూజలు. జోగులాంబ అమ్మవారి గుడి కొత్తగా కట్టి 2005లో ప్రతిష్ఠ చేశారు. మేం టూరిజం వాళ్ళ హోటల్‌లో ఉన్నాం. హంగులేమీ లేవు గానీ గది శుభ్రంగా ఉంది. తెల్లారి అడగకుండానే బకెట్‌తో వేడినీళ్ళు గది ముందు పెట్టారు.

అక్కడి సంగమేశ్వరాలయం దగ్గర పెద్దత్త చాలాసేపు కూర్చుంది. ఆ గుడి పుట్టింది అక్కడ కాదు. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. అవ్వ శివరాత్రికి చంకలో పిల్లను పెట్టుకుని బండి కట్టుకుపోయింది ఆ కూడవెల్లికే. కొల్లాపూర్‌లోని మాధవస్వామి గుడి కూడా ఇట్లాగే మంచాలకట్ట నుంచి వచ్చింది. గుళ్ళను అంత శ్రద్ధగా కాపాడిన ఇంజనీర్లకు, శిల్పులకు చేతులెత్తి దండం పెట్టాలి. అదే శ్రద్ధ మనుషుల మీద పెట్టలేదని అవ్వ బతికినంతకాలం బాధపడింది. 1981లో అదే ప్రాజెక్టు ముంపు కోసం మా పాత ఊరు ఖాళీ చేయించినప్పుడు చేతికొచ్చిన పరిహారం కొత్త ఇంటి గోడలకు కూడా సరిపోలేదు. దూలాలు, తలుపులు పీకి బండి మీద వేసుకుని, చివరి బండిలో తులసికోట మట్టి మూటగట్టుకుని వచ్చింది.

కొల్లాపూర్‌లో భోజనానికి ఇబ్బంది లేదు. బస్టాండ్ వైపు ఒక చిన్న మెస్‌లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు పెట్టారు. రొట్టె చేసే ఆమెను అవ్వను చూసినట్టే చూస్తూ కూర్చున్నాను. మరిగే నీళ్ళు పిండిలో పోసి గరిటెతో కలిపి, వేడి ఉండగానే అరచేతి మొదలుతో పిసికి, పీట మీద తిప్పుకుంటూ చరిచి, పెనం మీద వేశాక తడిబట్టతో పైన ఒక్కసారి తుడవాలి. ఆ తడి సరిగ్గా తగలకపోతే రొట్టె పగులుతుందని అవ్వ మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పిందో. అమ్మ రెండు రొట్టెలు తిని, వంటింట్లోకి పోయి ఆమెతో మాట్లాడి వచ్చింది.

సోమశిల కొల్లాపూర్‌కు దగ్గరే, రోడ్డు బాగుంది. లలితా సోమేశ్వరుడి గుడి కూడా ముంపులో పోకుండా పైకి తెచ్చిందే. టూరిజం కాటేజీల ముందు నుంచి నది నిండుగా కనిపిస్తుంది, రాత్రి ఉండటానికి చాలా బాగుంటుంది. శనాదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. శ్రీశైలం లాంచి నీటిమట్టం ఉంటేనే నడుస్తుంది కాబట్టి కనుక్కుని వెళ్ళండి. మేం మామూలు పడవ మాట్లాడుకున్నాం. లైఫ్ జాకెట్లు మేం అడిగితేనే తీసి ఇచ్చారు. అడగకుండా మాత్రం ఎక్కవద్దు.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. కార్తీకంలో నీళ్ళు దాని దగ్గర్లోనే ఉంటే పాత ఊళ్ళ జాడ ఏమీ తెలియదు. పడవ నడిపే అతను ఒకచోట ఆపి, "మీ ఊరు గీడనే అమ్మా" అన్నాడు. పెద్దత్త ఒప్పుకోలేదు. "గీడ కాదు నాయనా. ఆ గుట్ట ముక్కు కనిపిస్తున్నది సూడు, దానికి ఎదురుగ చావిడి. చావిడి ఎనక చింతచెట్లు. చింతచెట్ల కాడ మా అమ్మ బర్రెల్ని కట్టేసేది." అతను నవ్వి, ఆమె చెప్పిన చోటికే పడవ తిప్పాడు. తాను పుట్టకముందు మునిగిన ఊళ్ళ పేర్లన్నీ ఆమెను అడిగి అడిగి తెలుసుకున్నాడు.

ఎండాకాలం నీళ్ళు దిగాక పాత గోడల పునాదులు బయటపడతాయని, అప్పుడు మళ్ళీ రమ్మని చెప్పాడు. పెద్దత్త మే నెలకు ఇప్పుడే మాట తీసుకుంది. అప్పటి ఎండకు తొమ్మిది దాటితే బయట నిలబడలేం. అందుకని ముందురోజు రాత్రే కొల్లాపూర్ చేరుకుని, కింది అంతస్తులో గది తీసుకుని, తెల్లవారుజామునే పోవాలనుకున్నాం. ఈసారి ముంబైలో ఉన్న చిన్నాయన కూడా వస్తానన్నాడు. చింతచెట్లు ఎటువైపు ఉండేవన్న దాని మీద అక్కాతమ్ముళ్ళకు ఫోన్‌లో ఇప్పటికే వాదన మొదలైంది.