బి షిఫ్టులో టూర్ డి ఫ్రాన్స్: ఆరు సీజన్ల వాడకం తర్వాత

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూపించే ఈ యాప్‌లో బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది, కామెంటరీ ఎలా ఉంటుంది, చందా ఎంత అన్నవి ఇప్పటికే చాలామంది రాసేశారు. వాటి జోలికి పోను. నా గొడవ ఒక్కటే. స్టేజి, అంటే ఒక రోజు రేసు, అయిపోయాక పూర్తి రీప్లే పెడతారు కదా, దాని మీద అతికించే ఫొటో. ఆ థంబ్‌నెయిల్. నాలుగున్నర గంటల రేసును అర సెకనులో ముగించేసే ఆ ఒక్క ఫొటో మీద నాకు ఆరేళ్ల కక్ష ఉంది. మధ్యలో రెండుసార్లు రాజీ పడ్డాను, మళ్లీ చెడింది.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల్లో పనిచేస్తాను, ఉండేది కూర్మన్నపాలెం. జులైలో ఫ్రాన్స్ మనకన్నా మూడున్నర గంటలు వెనక నడుస్తుంది. అక్కడ సాయంత్రం ఐదు, ఐదున్నరకి ఫినిష్ అంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది. ఎ షిఫ్టు వారమైతే మధ్యాహ్నం రెండుకి దిగిపోతాను కాబట్టి నా అంత అదృష్టవంతుడు లేడు. సి షిఫ్టు అయితే చివరి కిలోమీటరు దగ్గర కట్టే ఎర్ర జెండా దాటడం చూసి, టిఫిన్ బాక్సు పట్టుకుని బస్సుకి పరుగు. బి షిఫ్టే యముడు. రెండు నుంచి పది. మా సెక్షన్‌లో డ్యూటీలో ఉండగా ఫోన్ తీయం. ఏం శాపమో గానీ, 21 స్టేజీల్లో ఆల్ప్స్ కొండలు వచ్చేసరికి నేను సరిగ్గా బి షిఫ్టులో ఉంటాను.

అందుకని నాకు టూర్ అంటే పదిన్నరకి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఎవరు గెలిచారో తెలియకుండా కూర్చుని చూసేది. తెలియకుండా అన్నదే అందులో అసలు సరుకు.

2020 సంగతి చెప్తాను. ఆ ఏడు కోవిడ్ వల్ల టూర్ జులై నుంచి జరిగి ఆగస్టు 29న మొదలైంది. యాప్ కొత్తగా కట్టాను. మూడు వారాలు రోగ్లిచ్ అనే రైడర్ టీమ్ ముందు నడుస్తూ మిగతావాళ్ల ఊపిరి తీసింది. సెప్టెంబర్ 19, శనివారం, పారిస్‌కి ముందు రోజు. 36 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీ పడేది. చివర లా ప్లాంష్ దె బెల్ ఫీయ్ అనే కొండ. మొత్తం టైములో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ రోగ్లిచ్‌ది, 57 సెకన్ల ఆధిక్యం. రెండో స్థానంలో 21 ఏళ్ల పొగాచర్. ఇద్దరిదీ స్లోవేనియా. జనాభా లెక్కన ఇంచుమించు మన విశాఖంత దేశం. టైమ్ ట్రయల్ అంటే రోగ్లిచ్ సొంత పెరడు లాంటిది, కాబట్టి ఏమీ మారదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అయినా చూడాలి.

ఆఖరున బయల్దేరేది రోగ్లిచ్ కాబట్టి ఆ రోజు తేలేసరికి మన టైమ్ తొమ్మిదిన్నర దాటుతుంది. నేను పదికి పంచ్ కొట్టి బయటికొచ్చాను. ఫోన్‌లో నెట్ ఆన్ చేయలేదు. బస్సులో మాస్కు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అంతలో మా బామ్మర్ది ఫోన్. వాడికీ ఈ పిచ్చి నేనే అంటించాను. ఎత్తగానే, "ఒరే, ఏమీ చెప్పకు" అన్నాను.

"నేనేటీ చెప్పను బావా. ఇంటికెళ్లీసి, ముందు అన్నం తినీసి, అప్పుడు చూడు" అన్నాడు.

అన్నం తినేసి చూడమన్నాడంటే ఏదో జరిగిందన్నమాట. అయినా ఏం జరిగిందో తెలియదు కదా. రోగ్లిచ్ పడ్డాడా, పొగాచర్ పడ్డాడా, వాన వచ్చి ఆపేశారా? ఆ అనుమానంతో పది నిమిషాలు ఆనందంగానే ఉన్నాను, అబద్ధమెందుకు. అన్నం మాత్రం తినలేదు. మంచం మీద కూర్చుని యాప్ తెరిచాను.

ఫొటోలో రోగ్లిచ్ నేల మీద కూలబడి ఉన్నాడు. పసుపు బట్టలు. ముఖంలో ఏమీ లేదు, పొలం మునిగిపోయిన రైతు గట్టు మీద కూర్చున్నట్టు. దాని కింద ఆంగ్లంలో "స్టేజి 20, పూర్తి రీప్లే".

ఇంక పూర్తి ఏముంది?

అయినా చూశాను. కొండ మొదట్లో పొగాచర్ టైమ్ ట్రయల్ సైకిల్ దిగి మామూలు రోడ్డు సైకిల్ ఎక్కడం, రోగ్లిచ్ హెల్మెట్ నెత్తి మీద పక్కకి ఒరిగిపోయి ఉండటం, వాళ్ల టీమ్‌వాళ్లు దూములాన్, వాన్ ఆర్ట్ కుర్చీల్లో కూర్చుని నోరు తెరుచుకుని స్క్రీన్ వైపు చూడటం. పొగాచర్ రోగ్లిచ్ కంటే 1 నిమిషం 56 సెకన్లు వేగంగా ముగించాడు. 57 సెకన్లు వెనక ఉన్నవాడు 59 సెకన్లు ముందుకొచ్చాడు. మర్నాడు పారిస్‌లో టూర్ గెలిచాడు, ఆ మర్నాడు వాడికి 22 నిండాయి. సైకిల్ రేసుల్లో నా కాలంలో జరిగిన పెద్ద సంగతి అది. నేను దాన్ని చూశాను గానీ, అది జరుగుతుండగా చూడలేదు.

మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ఈ గోడు వెళ్లబోసుకుంటే, "భీముడు గెలుస్తాడని తెలిసే కదయ్యా కీచక వధ చూడ్డానికి వెళ్లేవాళ్లం" అన్నారు. నిజమే. కానీ కీచకుడు గెలిచే అవకాశం ఏ ఊళ్లోనూ లేదు. రోగ్లిచ్‌కి ఉంది. ఆ రోజు కొండ మొదలయ్యేదాకా, ఇంచుమించు ముప్పావు గంట పాటు ఉంది. ఆ ముప్పావు గంట నాకు దక్కలేదు.

కోపంతో యాప్ వాళ్లకి మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది, అంతే.

రెండేళ్లకి ఒక అప్‌డేట్‌లో "ఫలితాలు దాచు" అని ఒక మీట పెట్టారు. అది నొక్కితే థంబ్‌నెయిల్ బదులు ఉత్త కొండ బొమ్మ వస్తుంది. ఆ జులైలో, 2022లో, 11వ స్టేజి, చివర కోల్ డు గ్రనాన్ అనే కొండ. మళ్లీ బి షిఫ్టే. ఏమీ తెలియకుండా కూర్చున్నాను. డెన్మార్క్ రైడర్ వింగెగార్డ్ టీమ్ గలిబియే కొండ మీదే ఒకడి తర్వాత ఒకడు దాడి చేస్తుంటే, పొగాచర్ ప్రతివాడి వెనకా పోతుంటే, వీడికి ఇవాళ కూడా ఏం కాదులే అనుకున్నాను. చివరి కొండ మీద వింగెగార్డ్ లేచి వెళ్లిపోయాడు. పొగాచర్ జెర్సీ జిప్పు తెరిచి ఊగిపోతూ ఎక్కాడు, 2 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు. రాత్రి ఒంటిగంటన్నరకి నేను మంచం మీద నిలబడి ఉన్నాను. నా భార్య లేచి దొంగలనుకుంది. ఆ వారమే నలుగురు స్నేహితుల చేత ఈ యాప్ కట్టించాను. దీన్ని మించింది లేదని ఎక్కడ పడితే అక్కడ చెప్పాను.

ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. ఆ మీట రీప్లే బొమ్మనే దాస్తుంది. పక్కన వరసలో వచ్చే ఇంటర్వ్యూలను దాయదు. గెలిచినవాడు మైకు ముందు నవ్వుతూ కనిపిస్తాడు. నోటిఫికేషన్లకి అసలు ఆ మీట ఉన్నట్టే తెలియదు. 2023లో పొగాచర్‌కీ వింగెగార్డ్‌కీ మధ్య 10 సెకన్లే తేడా ఉండగా కొంబ్లూ టైమ్ ట్రయల్ వచ్చింది. 22 కిలోమీటర్లలో వింగెగార్డ్ 1 నిమిషం 38 సెకన్లతో చితక్కొట్టాడు. నాకది ప్లాంట్ గేటు దగ్గర, లాక్ స్క్రీన్ మీద తెలిసింది. టైమ్ చూద్దామని ఫోన్ తీశాను, అంతే.

ఇంకొకటి. వీడియో కింద గీత ఉంటుంది కదా, ఎంత అయిందీ ఎంత మిగిలిందీ చూపించేది. అదీ చాడీలు చెప్తుంది. ఫినిష్‌కి ఇంకా 40 కిలోమీటర్లు ఉందనగా గీత చివరికొచ్చేస్తే మిగతాది ఏదో జరిగి ఆగిపోయిందని అర్థం. అందుకని ట్యాబ్ అడుగున నల్ల ఇన్సులేషన్ టేప్ అతికించాను. మూడేళ్లుగా అదే ముక్క, అంచులు లేచిపోయాయి. యాప్ తెరిచే పని నా భార్యది. ఆవిడ స్టేజి వెతికి, ప్లే నొక్కి, ట్యాబ్ నా చేతికిస్తుంది. అందులోనూ ఒక ఇబ్బంది ఉంది. ఆవిడకి రేసు గురించి ఏమీ పట్టదు గానీ, ఎవరైనా రక్తం కారుతూ ఉన్న ఫొటో కనబడితే "అయ్యో" అంటుంది. ఆవిడ ముఖం కూడా ఒక థంబ్‌నెయిలే.

ఇంకో ఒప్పుకోలు. మొదట్లో పూర్తి రీప్లే ఉండటమే గొప్ప అనుకునేవాణ్ణి. నిజానికి పూర్తిగా చూసింది ఆరేళ్లలో పదో పన్నెండో. కొండల స్టేజి అయితే ఆఖరి 60 కిలోమీటర్లు, చదునైన స్టేజి అయితే ఆఖరి 10. నేనేమైనా పెద్ద సైక్లిస్టునా? యారాడ కొండ రోడ్డు ఎక్కేటప్పుడు సగంలో దిగి నడిపించుకుంటూ వెళ్లే రకం. 2024లో సాన్ వుల్బాస్‌లో స్టేజి, చదునేలే అని నిద్రపోయాను. స్ప్రింటర్ క్యావెండిష్ ఆ రోజే 35వ స్టేజి గెలిచి, పాతకాలం చాంపియన్ మెర్క్స్ 34 స్టేజీల రికార్డు దాటేశాడు. దానికి యాప్‌ని తిట్టలేను.

కొనాలా వద్దా అంటే, రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉండే ఉద్యోగమైతే నిశ్చింతగా కట్టండి. లైవ్ బాగుంటుంది, పైన రాసినవేవీ మీకు తగలవు. నాలాగా షిఫ్టులైతే, ఇంట్లో సహకరించే మనిషీ ఒక టేపు చుట్టా ఉంటే కట్టొచ్చు. ఒంటరిగా ఉండే బి షిఫ్టువాళ్లకి మాత్రం చెప్పలేను. నేను ఏడాది చందా మానేసి నెల చందాలోకి మారాను. అది కోపమో పొదుపో నాకే తెలియదు. పెద్దాడి ఫీజులు కూడా జూన్‌లోనే వస్తాయి.

రాయకూడదనుకున్నాను గానీ, కిందటేడు ఒకటి జరిగింది. 2025 జులై 25, 19వ స్టేజి, ఆల్బెర్విల్ నుంచి లా ప్లాన్. టేపు అంచు లేచి ఉందన్నాను కదా, దాని సందులోంచి మొత్తం నిడివి కనబడిపోయింది. ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. గుండె జారింది. 2019లో ఇలాగే తీన్ వెళ్లే స్టేజి మధ్యలో వడగళ్లు పడి, కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే, ఇజెరాన్ శిఖరం మీది టైములే లెక్కలోకి తీసుకున్నారు. బెర్నాల్ అనే రైడర్‌కి పసుపు జెర్సీ అలాగే వచ్చింది. మళ్లీ అదే అయ్యుంటుందనుకున్నాను. నా ఊహ తప్పింది. కామెంటరీ మొదలవగానే చెప్పారు: దారిలో సేజీ కనుమ దగ్గర ఒక పశువుల మందలో లంపీ చర్మ వ్యాధి బయటపడింది, అందుకని ఆ కొండలు తీసేసి స్టేజి కుదించారు.

"లంపీయా?" అని పైకే అన్నాను. పక్క గదిలోంచి మా అమ్మ లేచి వచ్చింది. మాది చోడవరం దగ్గర పల్లె. మోకాళ్లు డాక్టరుకి చూపించుకోడానికి వచ్చి మా దగ్గరుంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ రేసు వంక చూడలేదు.

"లంపీ ఎవరికొచ్చిందిరా?"

చెప్పాను. మంచం అంచున కూర్చుంది. "మన కాడా వచ్చింది కదా, ఒళ్లంతా బుడిపెలు కట్టీసి... ఆ దేశంలోనూ వస్తాదా?" అంది. ఇంక లేవలేదు. కొండ మీద రోడ్డుకి రెండు పక్కలా జనాన్ని చూసి, "ఏటిరా ఈ జనం, సింహాచలం గిరి ప్రదక్షిణకి వచ్చినట్టున్నారు" అంది. పసుపు జెర్సీ ఏమిటో చెప్పబోతే వినలేదు. ముందు ఒంటరిగా పోతున్నది ఆరెన్స్‌మన్ అనే డచ్ కుర్రాడు. వెనక పొగాచర్, వింగెగార్డ్ ఒకరినొకరు చూసుకుంటూ వస్తున్నారు. "ఆ ముందున్నోణ్ణి పట్టీసుకుంటారేటి?" అని నన్నడిగింది. నాకూ తెలియదన్నాను. తెలియదు నిజంగానే. చివర్లో రెండే సెకన్లు మిగిలాయి. పట్టుకోలేకపోయారు. రాత్రి పన్నెండున్నరకి అమ్మ చప్పట్లు కొట్టింది.

పొద్దున్న కాఫీ తాగుతూ అడిగింది, "ఒరే, ఆ ఆవులకి తగ్గిపోద్దా?"

ఆ మందను చంపేయాల్సి వచ్చిందని నిర్వాహకుల ప్రకటనలోనే ఉంది. అప్పటికే చదివాను.

"మందులేస్తున్నారమ్మా" అన్నాను.