302 అంటే ఇప్పుడు హత్య కాదంట: కర్నూలులో ఒక పాత లా పుస్తకాల షాపు

షాపు పేరు రాయడం లేదు, ఎందుకో కింద మీకే తెలుస్తుంది. కర్నూల్లో కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక ఇరుకు సందు, ఆ సందులో ఒక జిరాక్స్ షాపు, దాని వెనక గది నిండా పాత లా పుస్తకాలు. మా చెల్లెలు లా చదువుతోంది. అన్నీ కొత్తవి కొంటే నా జీతం సరిపోదు, అందుకని పోయిన నెల ఇద్దరం పోయినాం.

లోపలికి పోగానే కనబడింది ఇండియన్ పీనల్ కోడ్ పుస్తకాల గుట్ట, నా నడుము ఎత్తుంది. 2024 జూలై 1న ఆ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, ఇంక ఇవి చిత్తుకాగితాలే, పది రూపాయలకు ఇస్తాడేమో అని అడిగా. షాపు పెద్దాయన నవ్వి, "ఏమప్పా, నన్ను ముంచుదామనుకున్నావా?" అన్నాడు. "జూన్ 30 రాత్రి పదకొండున్నరకు తల పగిలితే ఈ పుస్తకం, పన్నెండు దాటినాక పగిలితే ఆ పుస్తకం. ఆ రాత్రి కేసు ఎన్నేళ్లకు తేలుతుందో నువ్వే చెప్పు." నిజమే. నేరం జరిగిన రోజున ఏ చట్టం ఉందో దాని ప్రకారమే శిక్ష వెయ్యాలి, తర్వాత వచ్చిన చట్టం పట్టుకొచ్చి పాత పనిని కొత్తగా నేరం చెయ్యకూడదు, ఉన్న శిక్షను పెంచకూడదు అని రాజ్యాంగం 20వ అధికరణంలోనే ఉంది. అందుకే ఆ గుట్ట రేటు తగ్గలేదు. సగం ధరకు పైసా తగ్గనన్నాడు.

కొత్త పుస్తకంతో పాటు రెండు జిరాక్స్ కాగితాలు పిన్ కొట్టి ఇస్తాడు, పాత నంబరు ఎడమ పక్క, కొత్త నంబరు కుడి పక్క. పది రూపాయలు, మొత్తం షాపులో బెస్ట్ ఐటం ఇదే. మా సీమలో 302 అంటే ఏందో బడి మెట్టెక్కనోళ్లకు కూడా తెలుసు, ఫ్యాక్షన్ రోజుల్లో ఇళ్లల్లో అన్నం తింటా మాట్లాడుకున్న నంబరు అది. ఇప్పుడు హత్య 103కి పోయింది. కొత్త పుస్తకంలో 302 తిప్పి చూస్తే, ఒకరి మతభావాలు గాయపడాలని కావాలని మాటలనడం గురించి ఉంది! 420 కూడా పోయింది, మోసానికి ఇప్పుడు 318లో నాలుగో సబ్‌సెక్షన్. ఇంక ఎవర్నైనా ఏమని తిట్టాలి, 318 బ్రాకెట్లో 4 గాడా?

నాకు కడుపు మండేది ఇక్కడే. హత్యకు శిక్ష అదే, మోసానికి అదే ఏడేళ్లు, నంబరు మాత్రం మారింది. మా చెల్లెలు ఒప్పుకోలేదు. "ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే నేరాలన్నీ ముందుకు తెచ్చి ఒకే అధ్యాయంలో పెట్టినారు, గొలుసు లాక్కుపోయేదానికి విడిగా సెక్షన్ పెట్టినారు, చిన్న నేరాలకు సమాజసేవ శిక్ష పెట్టినారు, అవి వద్దా అన్నా?" అంది. అవన్నీ మంచివే. వాటికోసం 302ని కుర్చీలోంచి లేపాల్సిన అవసరం ఏముందో మాత్రం నాకు అర్థం కాలేదు. ప్రోనోటుకు మూడేళ్లే గడువు అని మా ఊళ్లో సంతకం పెట్టడం రాని ముసలమ్మకు కూడా తెలుసు, మూడేళ్లు దాటకముందే తిరగరాయించుకుంటుంది. దాన్ని సర్దుబాటు పేరుతో కదిలిస్తే ముందు మునిగేది ఆమే, వకీలు కాదు.

ఇంక అసలు విషయం. పైఅరలో హిందూ వారసత్వ చట్టం కనబడింది, 1956 నాటిది, పల్చటి పుస్తకం, ముప్పై రూపాయలు. అది చూడగానే నాకు మా మేనత్తలు గుర్తొచ్చినారు. పెద్దత్తకు 1983లో పెళ్లయింది, చిన్నత్తకు 1987లో. మన రాష్ట్రంలో పిత్రార్జితంలో ఆడపిల్లకు మగపిల్లాడితో సమానంగా వాటా ఇచ్చింది 1985 సెప్టెంబర్ 5 నుంచి, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. 1996లో మా జేజినాయన ఆస్తి పంచి రిజిస్టర్ చేయించినప్పుడు చిన్నత్తకు రెండెకరాల చేను వచ్చింది, పెద్దత్తకు చీర పెట్టినారు. ఒకే తల్లి పిల్లలు. 2005లో దేశమంతటికీ చట్టం మారింది, పెళ్లయినా కాకున్నా కూతురికి వాటా అని పేపర్లో చదివి పెద్దత్త మా ఇంటికొచ్చి రెండు రోజులుంది, పైకి ఏమీ అడగలేదు. నాన్న కూడా ఏమీ అనలేదు.

పెద్దాయనకు ఇది చెప్తే పుస్తకం నా చేతిలోంచి తీసుకుని 6వ సెక్షన్ కింద చిన్న అక్షరాల మీద గోరు పెట్టినాడు. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలను ఈ సవరణ ముట్టుకోదు అని ఉంది. "అది లేకుంటే ప్రతి ఇంట్లో గట్టు తగాదా మళ్లీ మొదలయ్యేది సామీ, కొన్నోళ్ల గతేంది?" అన్నాడు. అన్యాయం ఎంతకాలం సాగినా మార్చాల్సిందే, కాకపోతే పాత కాగితాన్ని నమ్మి ఎవరో చేను కొన్నారు, బోరు వేసినారు, వాళ్లనూ చూడాలి. ఆ ఒక్క తేదీ రాసినోళ్లు రెండు పక్కలా ఆలోచించినారని నాకు అనిపించింది. పెద్దత్తకు ఈ మాట చెప్పే ధైర్యం మాత్రం లేదు.

ఇప్పుడు గొడవ. సివిల్ కేసులు కోర్టులో ఎట్ల నడవాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ కొన్నాం, అట్ట మీద ఎర్ర స్టిక్కరు, "తాజా సవరణలతో" అని. ఇంటికొచ్చి స్టిక్కరు గోకితే కింద 2013! 2015లో వాణిజ్య వివాదాల కోసం చేసిన మార్పులు ఒక్కటీ లేవు. తిరిగి తీసుకుపోతే డబ్బు వాపసు ఇయ్యనన్నాడు, వేరే పుస్తకం తీసుకోమన్నాడు, అరగంట వాదించినాక నూట ఇరవై తేడా కట్టించుకుని కొత్త ఎడిషన్ ఇచ్చినాడు. స్టిక్కరు ఎవరు వేసినారంటే "ముందు అమ్మినోళ్లు" అంట. అన్ని పుస్తకాలకూ ఒకే సైజు స్టిక్కరు ఎట్ల ఉంది స్వామీ?

ఐదుకు మూడు. జిరాక్స్ కాగితాలకు ఒకటి, ముసలాయన తెలివికి రెండు. కోర్టు సెలవులప్పుడు పోవద్దు, తాళం ఉంటుంది. ఫోన్‌పే ఉంది కానీ చిల్లర ఇస్తే మొహం వెలుగుతుంది. రాజ్యాంగం పుస్తకం మాత్రం ఇక్కడ కొనకండి, 2023 నాటికే 106 సవరణలు అయినాయి, ఆయన దగ్గరున్నది ఎన్నో దాని దగ్గర ఆగిందో స్టిక్కరు గోకితే గానీ తెలీదు.