ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివాను: కట్టిన ఫీజుకు ఎంత గిట్టింది?

మా బాపుది సిద్దిపేటలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, రెండు జనరేటర్లు. ఇంటర్ అయ్యాక ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో బీబీఏ చేస్తానంటే ఆయన నవ్వాడు. "గిదేం సదువు బిడ్డా? మనం రోజూ జేసే పనే గద! దానికి లక్షలు గట్టాల్నా?" అన్నాడు. అన్నాడు గానీ కట్టాడు. ఏడాదికి 1,25,000 చొప్పున మూడేళ్లు, హాస్టల్ ఖర్చు వేరే. 2022లో చేరాను, 2025లో బయటపడ్డాను.

ఇప్పుడు మా ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు ఇదే కోర్సు గురించి ఫోన్ చేసి అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. కాలేజీ పేరు రాయను. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ అనుకోండి చాలు. నా లెక్కలో ఆరు సెమిస్టర్లలో రెండింటికి పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టింది. మిగతా నాలుగూ ఏ డిగ్రీలో చేరినా దొరికేవే.

ఫస్టియర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మేనేజ్‌మెంట్ సూత్రాలు, ఇంగ్లీషు, కంప్యూటర్, అకౌంట్స్. వాటిలో అకౌంట్స్ ఒక్కటే తర్వాత పనికొచ్చింది. ఈవెంట్లకు సంబంధించి ఉన్న ఒకే ఒక్క పేపర్‌ను మేడమ్ స్లైడ్ల మీద చూసి చదివేది, మేం రాసుకునేవాళ్లం. ఇంకో సంగతి. బ్రోషర్ నిండా పెళ్లి మండపాలు, సంగీత్ లైట్లు కనిపిస్తాయి. సిలబస్ తెరిస్తే మాత్రం ఎక్కువ భాగం మైస్, అంటే మీటింగులు, ఇన్సెంటివ్ టూర్లు, కాన్ఫరెన్సులు, ఎగ్జిబిషన్లు. చేరే ముందు మాలో చాలామందికి ఇది తెలియదు. పూల డెకరేషన్ నేర్చుకుందామని వచ్చిన ముగ్గురు అమ్మాయిలు రెండో సెమిస్టర్‌లోనే మానేశారు. వాళ్లకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఒక ఏడాది ఫీజు మిగిలేది.

మూడో సెమిస్టర్‌లో ఒక సార్ వచ్చారు. స్టార్ హోటల్లో చాలా ఏళ్లు బాంక్వెట్ మేనేజర్‌గా, అంటే విందు హాళ్లు చూసే మేనేజర్‌గా, చేసి మానేసిన మనిషి. మొదటి క్లాసుకే ఒక కొలత టేపు, సుద్దముక్కల డబ్బా పట్టుకొచ్చి, మమ్మల్ని కాలేజీ సెమినార్ హాల్లోకి తీసుకెళ్లి కుర్చీలన్నీ బయట పెట్టించారు. హాలు గోడ మీద "సామర్థ్యం: 400" అని బోర్డు ఉంటుంది. "ఈ 400 ఎక్కడ కూర్చుంటారో చూపించండి" అన్నారు. కొలిస్తే 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. 2,400 చదరపు అడుగులు. అందులో స్టేజీకి 24 బై 12 తీసేయమన్నారు. స్టేజీ ముందు ఖాళీ, వెనక సౌండ్ కన్సోల్ టేబుల్, పక్కన బఫే, మనుషులు నడిచే దారి. చివరికి 1,700 మిగిలింది. పదిమంది కూర్చునే రౌండ్ టేబుల్ 6 అడుగులు ఉంటుంది. రెండు టేబుళ్ల మధ్య 5 అడుగులు వదలాలి, లేకపోతే కుర్చీ వెనక్కి జరిగితే సర్వింగ్ కుర్రాడికి దారుండదు. మోకాళ్ల మీద కూర్చుని సుద్దతో వలయాలు గీస్తూ పోయాం. 14 వలయాలకు చోటు అయిపోయింది. 140 మంది. గోడ మీద 400.

ఆ రోజు రాత్రి బాపుకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను, ఫంక్షన్ హాళ్ల వాళ్లంతా అబద్ధం చెప్తారని. ఆయన కాసేపు విని, "అబద్ధమేం గాదు బిడ్డా. బంతికి వంద, నాలుగు బంతులు లేస్తయి. నాలుగొందలే గద!" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన లెక్క కూడా సరైనదే. ఆయన కొలిచేది గంటలను, సార్ కొలిచేది జాగాను. మర్నాడు క్లాసులో ఈ మాట చెప్తే సార్ చాలా సంతోషపడి బోర్డు మీద రాశారు: కాన్ఫరెన్సులో ఉండేది ఒకే బంతి. ఒంటి గంటకు సెషన్ అయిపోగానే అందరూ ఒకేసారి ఆకలితో వస్తారు, రెండింటికల్లా తిరిగి వెళ్లాలి. అందుకే రెండు వైపులా వడ్డించుకునే బఫే లైను 100 మందికి ఒకటి చొప్పున వేస్తారు. నాకు ఆ కోర్సులో అన్నిటికంటే బాగా అర్థమైన విషయం ఇదే, సగం చెప్పింది మా బాపు.

అదే సార్ బిడ్డింగ్ కూడా చెప్పారు, అంటే ఒక సదస్సును మన ఊళ్లో పెట్టమని మిగతా ఊళ్లతో పోటీపడి అడగడం. పెద్ద కాన్ఫరెన్సు మన ఊరికి దానంతట అది రాదు, దాని వెనక ఏళ్ల తరబడి నడిచే పని ఉంటుందని మాకు అప్పటిదాకా తెలియదు. ఉదాహరణకు గణిత శాస్త్రవేత్తల ప్రపంచ మహాసభను తీసుకున్నారు. నాలుగేళ్లకోసారి జరుగుతుంది. మన దేశంలో మొట్టమొదటిసారి జరిగింది హైదరాబాద్‌లోనే, 2010 ఆగస్టులో, మాదాపూర్ దగ్గర హెచ్‌ఐసీసీ అనే అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్‌లో. ఆ ఆతిథ్యం హైదరాబాద్‌కు ఖరారైంది నాలుగేళ్ల ముందు, 2006లో. హెచ్‌ఐసీసీ తలుపులు తెరిచిందీ ఆ ఏడాదే. తర్వాత 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అక్కడే జరిగాయి. మా చేత ఒక ఉత్తుత్తి బిడ్ ఫైలు తయారు చేయించారు: ఎయిర్‌పోర్టు నుంచి ఎంత దూరం, నడిచి వెళ్లే దూరంలో ఎన్ని హోటల్ గదులు, పెద్ద హాలు పక్కన ఎన్ని చిన్న గదులు, ఆతిథ్యం ఇచ్చే స్థానిక సంఘం ఏది. గదుల లెక్క కోసం రెండు రోజులు మాదాపూర్‌లో ఎండలో హోటల్ హోటల్ తిరిగాం. రిసెప్షన్లలో మమ్మల్ని సర్వేవాళ్లనుకుని పంపేశారు.

చట్టాల పేపర్ కూడా పర్వాలేదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకుల మీద ఉండే నిషేధం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. పోలీసులు ఆపింది మా సెట్లే కాబట్టి. తెలియనిదల్లా పాటల సంగతి. పెళ్లిలోనూ బరాత్‌లోనూ పాటలు పెట్టుకోవడానికి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. అదే పాట ఎరువుల కంపెనీ డీలర్ల మీటింగ్‌లో పెడితే లైసెన్సు కావాలి. బాపు ఇప్పుడు కంపెనీ ప్రోగ్రాం ఏదైనా ఒప్పుకునే ముందు నాకు ఫోన్ చేస్తున్నాడు.

ఇక ప్రాక్టికల్స్. ఇక్కడే నాకు కడుపుమంట. సెకండియర్‌లో "ప్రాక్టికల్ అవర్స్" పేరుతో మమ్మల్ని బస్సులో ఎక్కించి ఏవేవో కార్యక్రమాలకు పంపారు. ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రారంభోత్సవంలో నేను ఆరు గంటలు నిలబడి మంచినీళ్ల బాటిళ్లు పంచాను. ఇంకో చోట దారి చూపించే బోర్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. నల్ల బ్లేజర్, మే నెల. ఆ కంపెనీలు మనిషికి ఇంత అని కాలేజీకి కట్టాయని తర్వాత తెలిసింది. మాకు ఇచ్చింది ఒక ఫుడ్ ప్యాకెట్, ఒక సంతకం. మా టెంట్ హౌస్‌లో కుర్చీలు దించే పిల్లలకు కూడా బాపు సాయంత్రానికి కూలీ లెక్క కట్టి ఇస్తాడు.

అసలైన పని నేర్చుకున్నది ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో, అదీ ఆ సార్ తన పరిచయంతో ఇప్పించింది. కాన్ఫరెన్సులు నడిపే చిన్న ఏజెన్సీ. డాక్టర్ల సదస్సు, 640 మంది. నన్ను రిజిస్ట్రేషన్‌లో వేశారు. మా టెక్స్ట్‌బుక్ అమెరికాది. అందులో రాసినట్టే ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి ఐదు టేబుళ్లు పెట్టాను. రాత్రి 11 దాకా కవర్లు సర్ది, చాలా బాగా చేశాననుకుని పడుకున్నాను.

పొద్దున 8.30కి గేట్లు తెరిచారు. పది నిమిషాల్లో నాలుగో టేబుల్ ముందు క్యూ లిఫ్టుల దాకా పోయింది. మిగతా టేబుళ్ల దగ్గర ఈగలు. చూస్తే నాలుగో టేబుల్ కిందికి ఆర్ అక్షరం వచ్చింది. రెడ్లు, రావులు అందరూ అక్కడే! మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారంలో ఆఖరి పేరు అని అడిగితే రెడ్డి, రావు అని కొట్టాం. కొందరు అసలు ఇంటిపేరునే ఆఖరి గడిలో వేశారు, కొందరు ఇనిషియల్ వేశారు, కొందరు ఆ గడిలో ఒక చుక్క పెట్టి ముందుకెళ్లారు. ఆ చుక్కల డాక్టర్ల కవర్లు ఏ టేబుల్లో ఉన్నాయో నాకే తెలియదు. ఒక పెద్దాయన నా ముందు చెయ్యి చాచి, "అమ్మా, నా పేరు మీద కవర్ ఉందా, నేను లేనా?" అన్నారు. ఏడుపొచ్చేసింది.

అక్కడ రిజిస్ట్రేషన్ చూసే అన్న ఒకాయన ఉన్నాడు. డిగ్రీ లేదు, పదో తరగతి. నన్ను తిట్టలేదు. ముందు క్యాటరింగ్ వాళ్లతో చెప్పి టీ కౌంటర్ లాబీలోకి లాగించాడు. క్యూ సగం అటు వెళ్లిపోయింది. తర్వాత మిగిలిన కవర్లన్నీ నేల మీద కుప్ప పోయించాడు. కవర్ మీద పేరు కింద మొబైల్ నంబరు ఉంటుంది కదా, దాని చివరి అంకెను బట్టి పది కుప్పలు చేయమన్నాడు. టేబుల్‌కు రెండు అంకెలు. ఆరుగురం అరగంటలో సర్దేశాం. పేరు ఎలా రాసినా, ఎవరి కులం ఏదైనా, చివరి అంకె అందరికీ దాదాపు సమానంగా పడుతుంది. 10 గంటలకు క్యూ లేదు. నా ప్రాజెక్టు రిపోర్టులో ఇది రాస్తే ఎగ్జామినర్ "రిఫరెన్స్ ఏది?" అని అడిగి రెండు మార్కులు తీసేశారు.

ప్లేస్‌మెంట్ల గురించి క్లుప్తంగా. 100 శాతం అన్నారు. మా బ్యాచ్‌లో చాలామందికి వచ్చినవి రిసార్టులకు, ఫంక్షన్ హాళ్లకు ఫోన్లో బుకింగులు అమ్మే పనులు. నాకు ఇంటర్న్‌షిప్ చేసిన ఏజెన్సీలోనే ఉద్యోగం దొరికింది, 18,000 జీతంతో. సదస్సు ఉన్న వారం నిద్ర ఉండదు, రాత్రి ఒంటిగంటకు క్యాబ్‌లో ఇంటికెళ్లాలి. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట ముందే తెలుసుకుంటే మంచిది. నాకైతే నచ్చింది.

చేరదామనుకునేవాళ్లు బ్రోషర్ పక్కన పెట్టి, స్టాఫ్‌లో హోటల్లోనో ఎగ్జిబిషన్ కంపెనీలోనో పనిచేసి వచ్చినవాళ్లు ఎంతమందో అడగండి. ఆఖరి ఏడాది పిల్లల ఇంటర్న్‌షిప్ లెటర్లు చూపించమనండి. 2024-25 నుంచి బీబీఏలు కూడా ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) కిందికి వచ్చాయి కాబట్టి కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో ఏఐసీటీఈ సైట్‌లో చూసుకోండి. మామూలు బీకామ్ చదువుతూ సెలవుల్లో ఏదైనా ఏజెన్సీలో పనిచేసినా ఈ రంగంలోకి రావచ్చు. ఇప్పుడు నా పక్క సీటు అబ్బాయి అలాగే వచ్చాడు. కాకపోతే వాడికి సుద్దతో గీసిన హాలు లేదు, ఇప్పటికీ ప్లేట్ల లెక్కకు నన్నే అడుగుతాడు. నేనిచ్చే రేటింగ్ 5కి 3. ఆ సార్ ఇంకా అక్కడ ఉంటే మూడున్నర ఇచ్చేదాన్ని. మా తర్వాతి బ్యాచ్‌కు ఆయన లేరు.

అన్నట్టు, ల్యాబ్ ఫీజని ఏటా 8,000 కట్టాం. లైట్లు, సౌండ్ మిక్సర్ ఉన్న గది ఒకటి రెండో అంతస్తులో ఉంది. మూడేళ్లలో ఒకసారి, ఇన్‌స్పెక్షన్ రోజున, దాని తలుపు తీసి ఉండగా చూశాను. మొన్న కాషన్ డిపాజిట్ 5,000 వెనక్కి తీసుకుందామని వెళ్తే నో డ్యూస్ ఫారం చేతికిచ్చారు. లైబ్రరీ సంతకం అయింది, హాస్టల్ సంతకం అయింది. ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం దగ్గర ఆగింది. ఆయన ఎవరో అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరికీ తెలియదు. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నారు.