నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీ క్యాసెట్లకు యూఎస్‌బీ ప్లేయర్ సరిపోతుందా?

ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు దాదాపు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాక్‌మన్ సైజు ప్లాస్టిక్ డబ్బా, రెండు పెన్సిల్ సెల్స్, ఒక యూఎస్‌బీ కేబుల్, ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం. డబ్బా మీద పేరు మారుతుంది కానీ లోపలి యంత్రం పెద్దగా మారదు. ఉపన్యాసాలో, పెళ్లిలో పెద్దవాళ్ల మాటలో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికి ఇది చాలు. మిమిక్రీ క్యాసెట్ సంగతి వేరు. నేరెళ్ల వేణుమాధవ్ గారి కార్యక్రమాన్ని ఆ రోజుల్లో ఎవరో టేప్‌రికార్డర్‌లో పట్టిన క్యాసెట్ మీ ఇంట్లో ఉందనుకోండి. ఈ ప్లేయర్‌ను కొన్నది కొన్నట్టు వాడితే ఆయన చేసిన పనిలో చాలా భాగం ఫైల్లోకి రాదు. కొంత సరిచేసి వాడితే మాత్రం ఫలితం ఫర్వాలేదు.

ఆ క్యాసెట్లో ఏముందో ముందు చెప్పాలి. వేణుమాధవ్ గారు 1932 డిసెంబర్ 28న వరంగల్‌లో పుట్టారు. బడిపంతులుగా పనిచేసిన మనిషి. చిత్తూరు నాగయ్య గొంతు మీద ఇష్టంతో మొదలై నెహ్రూ, రాధాకృష్ణన్, కెన్నెడీ దాకా వెళ్లారు. ఆయన మనుషుల గొంతులతో ఆగలేదు. సినిమా దృశ్యాన్ని నేపథ్య సంగీతం, గుర్రాల పరుగు, పేలుళ్లతో సహా ఒక్క నోటితో, ఒక్క మైకు ముందు నిలబెట్టేవారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1972లో, శాసనమండలికి నామినేట్ అయ్యారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. ఇన్ని వచ్చినా ఆయనలోని పంతులు పోలేదు. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లొమా కోర్సు ఏర్పడిందంటే అది ఆయన చలవే. అప్పటిదాకా సరదాగా ఎవరికి వారు నేర్చుకునే విద్య తరగతి గదిలోకి వచ్చింది. 2018 జూన్ 19న ఆయన పోయారు. ఇప్పుడు ఆ విద్య నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఆయన ఊపిరి ఎక్కడ తీశారో, ఒక గొంతు నుంచి ఇంకో గొంతులోకి ఎంతసేపట్లో మారారో వినిపించేది రికార్డింగే. అందుకే దాన్ని ఎక్కించే తీరు గురించి ఇంత పట్టింపు.

ఈ ప్లేయర్లలో పెన్‌డ్రైవ్‌కి నేరుగా ఎంపీ3 రాసే రకం ఒకటుంది. కంప్యూటర్ అక్కర్లేదని దాన్నే ఎక్కువమంది కొంటారు. మిమిక్రీకి మాత్రం అది వద్దు. నిశ్శబ్దం రాగానే పాట అయిపోయిందనుకుని కొత్త ఫైలు మొదలుపెట్టే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంటుంది. పాటల క్యాసెట్‌కి అది సౌకర్యమే. హాస్యానికి గొంతు ఎంత ముఖ్యమో విరామం అంత ముఖ్యం. నాయకుడి గొంతులో ఒక వాక్యం అని, ఆగి, సభను చూసి, అప్పుడు అసలు మాట వేస్తారు. యంత్రం ఆ ఆగిన చోటే కోసేస్తుంది, తర్వాతి మాట మొదటి అక్షరం మింగేస్తుంది. ఆటో స్ప్లిట్‌ను ఆపే బటన్ ఉంటే ఆపండి. లేకపోతే ఆ మోడల్ జోలికి పోవద్దు.

వేగం ఇంకో పెద్ద సమస్య. క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఈ చవక ప్లేయర్లలో మోటారు, బెల్టు, ఫ్లైవీలు అన్నీ చిన్నవి, తేలికవి. రెండు మూడు శాతం తేడా మామూలే. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరం సుమారు 6 శాతం కాబట్టి, 3 శాతం వేగం పెరిగితే గొంతు అందులో సగం పైకి జరుగుతుంది. మామూలు మాటల్లో ఇది ఎవరికీ పట్టదు. మిమిక్రీలో మనిషే మారిపోతాడు. నాగయ్య గారి గొంతులోని నిదానం, బరువు పలచబడి, వినేవాళ్లకు ‘అంత బాగా చేయలేదే’ అనిపిస్తుంది. తప్పు మోటారుది, మాట పడేది కళాకారుడికి.

ప్లేయర్ వేగం చూడటానికి కంపెనీ విడుదల చేసిన పాత సినిమా పాటల క్యాసెట్ ఒకటి, అదే పాట డిజిటల్ కాపీ ఒకటి చాలు. 200 సెకన్ల పాట 194 సెకన్లలో అయిపోతే మీ ప్లేయర్ 3 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. చాలా మోటార్లకు వెనకవైపు సూది మొన పట్టేంత రంధ్రం ఉంటుంది, లోపల వేగం సరిచేసే స్క్రూ. సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ కొలవాలి. అది కుదరకపోతే ఎక్కించాక, ధ్వనిని సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ‘చేంజ్ స్పీడ్’ (కొత్త వెర్షన్లలో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’) వాడండి. ‘చేంజ్ టెంపో’ వాడితే నిడివి మారుతుంది కానీ శ్రుతి మారదు, పని జరగదు.

ఇంతా చేసి సరయ్యేది మీ ప్లేయర్ మాత్రమే. ఆనాడు సభలో రికార్డు చేసిన యంత్రం వేగం కూడా తప్పి ఉండొచ్చు. రికార్డింగులో పడిన కరెంటు మోతను (హమ్) కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్‌కి తెచ్చి వేగం సరిచూసుకోమని కొందరు సలహా ఇస్తారు. మన దగ్గర ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీ తరచూ 50కి కిందే ఉండేది కాబట్టి దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. అదే క్యాసెట్లో ప్రార్థన గీతంతో పాటు హార్మోనియం వినిపిస్తే, దాని శ్రుతి స్థిరం కాబట్టి అది మంచి ఆధారం.

తర్వాత హెడ్, అంటే టేపుకు ఆని ధ్వనిని చదివే భాగం. హెడ్ పక్కన చిన్న స్ప్రింగుతో ఒక స్క్రూ ఉంటుంది. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఏ వాలులో ఉందో, వినిపించే హెడ్ కూడా అదే వాలులో ఉండాలి. లేకపోతే పై ధ్వనులు చచ్చిపోతాయి. రెండు చానళ్లనూ మోనోగా కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రూను అటూ ఇటూ పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ స, శ, చ అక్షరాలు ఎక్కడ అన్నిటికంటే తేటగా పలుకుతాయో అక్కడ ఆపండి. వేర్వేరు టేప్‌రికార్డర్లలో చేసిన క్యాసెట్లకు ప్రతిదానికీ మళ్లీ చూసుకోవాల్సిందే. పది నిమిషాల పని. ఫలితంలో ఎక్కువ తేడా తెచ్చేది మాత్రం ఇదే.

యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా లాప్‌టాప్‌కి కలిపితే సన్నటి కీచు వెనక వినిపిస్తుంది. లాప్‌టాప్ పవర్ నుంచి వచ్చే చప్పుడది. కొత్త సెల్స్ వేసి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ తీసి, విడిగా ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌కి అందించే చిన్న పెట్టె) ద్వారా రికార్డు చేస్తే ఆ కీచు చాలావరకు పోతుంది. ప్లేయర్ వాల్యూమ్ సగం దగ్గర ఉంచి, సభ చప్పట్లు కొట్టినప్పుడు కూడా లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకు ఒక జీబీ పైచిలుకు అవుతుంది. క్యాసెట్ మోనోదైతే మోనోగా దాచుకోండి, అందులో సగమే పడుతుంది.

క్యాసెట్‌ను ప్లేయర్‌లో పెట్టే ముందు వీపు మీది రెండు చిన్న రెక్కలూ విరిచేయండి, పొరపాటున దాని మీద రికార్డు కాకుండా. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలుంటే అది బూజు. శుభ్రం చేయించకుండా ఆడిస్తే అది హెడ్‌కి అంటి, తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. టేపు వెనక ఉండే దూదిమెత్త లాంటి ప్యాడ్ ఊడిపోయి ఉంటే ధ్వని మూగగా వస్తుంది. అయిదు స్క్రూల క్యాసెట్ అయితే విప్పి ఆ ప్యాడ్ మార్చొచ్చు. అతికించేసిన రకమైతే జాగ్రత్తగా పగలగొట్టి, టేపును వేరే డబ్బాలోకి మార్చాలి. తెగిన చోట మామూలు సెల్లో టేప్ వేయకండి. దాని జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది. క్యాసెట్ కోసమే చేసిన స్ప్లైసింగ్ టేప్ వాడాలి. ఏళ్ల తరబడి కదలని క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ఆడించండి. సి-120 (120 నిమిషాల క్యాసెట్) అయితే టేపు మరీ పలచన, ఫాస్ట్ ఫార్వర్డ్ కొట్టకుండా ప్లేలోనే నడపడం మేలు. ప్రతి క్యాసెట్‌కీ ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

అసలు నష్టం జరిగేది ఇంత జాగ్రత్తగా ఎక్కించిన తర్వాత. టేపు వెనక వినిపించే ‘స్స్’ చప్పుడు (హిస్) పోగొట్టాలని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ నొక్కుతారు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో నిలకడగా వచ్చే ‘స్స్’ అంతా చెత్తే. వేణుమాధవ్ గారి ప్రదర్శనలో గాలి, వాన, రైలు ఆవిరి, గుర్రం డెక్కల వెనక రేగే దుమ్ము అన్నీ అలాంటి చప్పుళ్లతోనే తయారయ్యాయి. పెదవులు, పళ్ల సందులు, మైకు దూరం, వీటితో ఆయన కట్టిన దృశ్యాన్ని ఆ బటన్ చెరిపేస్తుంది. మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు మిగులుతాయి. ఊపిరి తీసిన చప్పుడూ పోతుంది. విద్యార్థికి కావాల్సింది సరిగ్గా ఆ చప్పుడే. తప్పదనుకుంటే 6 డెసిబెల్స్ మించకుండా, అదీ పరిచయ వాక్యాల దగ్గర మాత్రమే తగ్గించండి. ముట్టుకోని మొదటి ఫైలు విడిగా ఉండాలి.

ఇంట్లో వాడే టేప్‌రికార్డర్లలో లెవెల్‌ను తనే తగ్గించి పెంచే ఏర్పాటు ఉండేది. సభ గొల్లున నవ్వగానే అది లెవెల్ తొక్కేస్తుంది. నవ్వు ఆగాక మళ్లీ లేవడానికి కొంత సమయం పడుతుంది. అందుకే చాలా రికార్డింగుల్లో నవ్వు తర్వాతి మొదటి మాట లోగొంతుకలో ఉంటుంది. పెద్ద, చిన్న చప్పుళ్ల తేడాను తగ్గించే కంప్రెసర్ వేస్తే ఇంకా చెడుతుంది. ఆ రెండు మూడు సెకన్లను మాత్రమే ఎంచుకుని చేత్తో లెవెల్ పెంచడం ఒక్కటే దారి. ఓపిక కావాలి. నవ్వును మాత్రం కత్తిరించొద్దు. ఎక్కడ నవ్వారో, ఎంతసేపు నవ్వారో కూడా ఆ ప్రదర్శనలో భాగమే. వెంట్రిలాక్విజం (పెదవి కదపకుండా బొమ్మ మాట్లాడినట్టు పలికించడం) అంశంలో బొమ్మ మనకు కనిపించదు కాబట్టి అక్కడ సభ స్పందనే కన్ను.

ఇవన్నీ చేసే తీరిక లేకపోతే స్టూడియోకి ఇవ్వొచ్చు. హెడ్ వాలు ప్రతి క్యాసెట్‌కీ సరిచేస్తారా, మార్పులు చేయని వేవ్ ఫైలు ఇస్తారా అని ముందే అడగండి. ‘క్లీన్ చేసి ఎంపీ3 ఇస్తాం’ అనే జవాబే వస్తే వేరే చోటు చూసుకోండి. మంచి పాత క్యాసెట్ డెక్కు ఎవరిదగ్గరైనా పనిచేస్తూ ఉంటే, దానికి ఆడియో ఇంటర్‌ఫేస్ కలిపితే అన్నిటికంటే మేలు. యూఎస్‌బీ ప్లేయర్‌కి నేనిచ్చేది అయిదుకి రెండు. వేగం, హెడ్ సరిచేసి, సెల్స్ మీద నడిపితే మూడు.

ఫైలు తయారయ్యాక పక్కన ఒక కాగితం రాయండి: ఏ ఊరు, ఏ సభ, ఏ సంవత్సరం, ఎన్నో నిమిషంలో ఎవరి గొంతు. ఇరవై ఏళ్ల కుర్రాడికి నెహ్రూ గొంతు పోల్చుకోవడమే కష్టం, ఆనాటి స్థానిక నాయకుల గొంతులైతే చెప్పేవాళ్లు లేకపోతే అసలు తెలియవు. ఆ సభలో కూర్చున్న పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు గుర్తుపట్టిన పేరల్లా నిమిషంతో సహా రాసుకోండి. హనుమకొండలో ఆయన పేరిట కళాప్రాంగణం ఉంది, డిసెంబర్ 28న ఆయన పుట్టినరోజును మిమిక్రీ కళాకారులు జరుపుకుంటారు. క్యాసెట్‌తో, ఆ కాగితంతో అక్కడికి వెళ్తే ఖాళీగా మిగిలిన పేర్లు పూరించగలవాళ్లు కలిసే అవకాశం ఎక్కువ.