ముక్కుకు రెండో ఆపరేషనా, ఉన్నదానితో ఉండిపోవడమా?

ముక్కు సర్జరీ అయి ఆరు నెలలే అయితే అసలు ఈ పోలికే వద్దు. వాపు, ముఖ్యంగా ముక్కు కొన దగ్గర, పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే సర్జన్లు సాధారణంగా 12 నెలలైనా ఆగమంటారు. పెళ్లిచూపులు దగ్గరపడ్డాయన్న తొందర మాత్రం అస్సలు పనికిరాదు.

ఏడాది దాటాక కూడా వంకరో, గాలి ఆడకపోవడమో మిగిలితే రెండో ఆపరేషన్‌తో చాలావరకు సరిచేయొచ్చు. కానీ ఇది మొదటిదానికంటే కష్టం. లోపల పాత గాయం మానిన చోట కణజాలం గట్టిపడి ఉంటుంది. ముక్కును సరిచేయడానికి వాడే కార్టిలేజ్ (మెత్తటి ఎముకలాంటి కణజాలం) ముక్కు మధ్య గోడలోది మొదటిసారే వాడేసి ఉంటే చెవి నుంచో పక్కటెముక నుంచో తీయాలి. పక్కటెముక అంటే ఛాతీ మీద ఇంకో కోత, ఇంకో నొప్పి. అందం కోసమే అయితే ఇన్సూరెన్స్ సాధారణంగా రాదు. అనంతపురం వాళ్లు బెంగళూరులో చేయించుకుంటే, ప్రతి చెకప్‌కూ ఒకవైపే 200 కిలోమీటర్ల పైమాట.

వదిలేస్తే ఖర్చు లేదు, మత్తు లేదు. చిన్న గుంటకు ఫిల్లర్ (సూదితో చర్మం కింద ఎక్కించే జెల్) వేస్తామంటారు గానీ, అది రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు.

నన్నడిగితే, ఊపిరి ఆడకపోతే చేయించుకోవడమే మేలు. ఫోటోలో మాత్రమే కనిపించే తేడా అయితే వద్దు. ఏదైనా ముందు పాత ఆపరేషన్ నోట్స్ తీసుకుని, ఇలాంటి రెండో సర్జరీలు తరచుగా చేసే ఇంకో సర్జన్‌కు చూపించండి.