టెన్స్ మెషిన్: మంటకు పనిచేసింది, తూలడానికి కాదు

నేను చాలా ఏళ్లుగా హెచ్‌ఐవీతో ఉన్నాను. వైరస్ అదుపులోనే ఉంది. ఇబ్బందంతా అరికాళ్లతోనే. ఒకపక్క మొద్దుబారడం, ఇంకోపక్క మంట. హెచ్‌ఐవీ తనంతట తానే నరాలను దెబ్బతీస్తుంది, దానికి తోడు మొదట్లో నేను వాడిన హెచ్‌ఐవీ మందు స్టావుడిన్ కూడా. నరాలకు చేసే ఇలాంటి చేటు కూడా ఒక కారణంగా 2009లో డబ్ల్యూహెచ్‌ఓ ఆ మందును క్రమంగా మానిపించమని చెప్పింది.

టెన్స్ మెషిన్ అంటే చర్మం మీద అంటించిన ప్యాడ్ల ద్వారా సన్నని కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరం. నేను కొన్న ఈ రెండు చానళ్ల మెషిన్ పెట్టె మీద 'నొప్పి తగ్గుతుంది, బ్యాలెన్స్ మెరుగవుతుంది' అని ఉంది. మొదటి మాట నా విషయంలో నిజమే. స్పర్శ బాగున్న పిక్కల మీద ప్యాడ్లు అంటించి, 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి కూర్చుంటే మంట సద్దుమణుగుతుంది. ఆ రాత్రికి దుప్పటి పాదాలకు తగిలినా ఓర్చుకోగలను.

రెండో మాటే నిలబడలేదు. మనం తూలకుండా ఉండాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ మెదడుకు కబురు చెప్పాలి. పాదాలు చెప్పడం మానేస్తే భారమంతా కళ్ల మీద పడుతుంది. అందుకే చీకట్లో నడిచినా, కళ్లు మూసుకుని ముఖం కడుక్కున్నా నేను తూలతాను. మెషిన్ ఎంత వాడినా అందులో మార్పు లేదు. బ్యాలెన్స్ కోసం పరిశోధకులు పరీక్షించిన, మనకు తెలియనంత సన్నగా అదిరే ఇన్‌సోల్స్ (బూట్ల లోపల పాదం కింద పెట్టుకునే అట్టలు) వేరే సంగతి. కంపెనీ రెంటినీ ఒకే గాటన కట్టేసింది.

నా నడకలో తేడా వచ్చింది ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలతో. గోడ పక్కన ఒక పాదం ముందు ఇంకోటి పెట్టి నిలబడడం, కుర్చీ పట్టుకుని మడమలెత్తడం లాంటివి. అయితే మంట తగ్గబట్టే అవి చేయగలుగుతున్నాను, ఆ మేలు మెషిన్‌దే.

నాకు కోపం తెప్పించింది మాన్యువల్. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడొద్దని రాశారు, మంచిదే. మొద్దుబారిన చర్మం మీద ప్యాడ్ పెట్టొద్దని మాత్రం ఎక్కడా లేదు. స్పర్శ లేనిచోట కరెంటు ఎంత పెరిగిందో తెలియదు, చర్మం కమిలినా తెలియదు. నరాలు దెబ్బతిన్నవాళ్లకే అమ్ముతూ ఈ ఒక్క ముక్క రాయకపోవడం క్షమించరానిది. పైగా బటన్ ఒక్కసారి నొక్కితే కరెంటు ఒక్కసారిగా పెరిగిపోతుంది.

ఇంకో మాట. కొనేముందు డాక్టర్ని అడిగి విటమిన్ బీ12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. తిమ్మిర్లకు బీ12 లోపం, షుగర్ జబ్బు కూడా కారణం కావచ్చు, వాటికి వేరే వైద్యం ఉంది.